నా దురద, అంబుబాయి తంబాకు

మా అమ్మ ఒడిలో తంబాకు వాసన ఉండేది. మరాఠీ ఊళ్ళో తెలుగు నేతవాళ్ళుండే జోడ్‌భావి పేట్‌లో మాకున్నది ఒక్కటే గది. అందులో సగం మా బాపు గుంట మగ్గం, మిగతా సగంలో ఐదుగురం. గడప పక్కన వెలుతురు పడే చోట అమ్మ చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుట్టేది. ఆకు తడిపిన గోనెసంచి వాసన, తంబాకు ఘాటు, మగ్గం గుంటలోంచి వచ్చే చల్లటి మట్టి వాసన, ఈ మూడూ కలిసినదాన్నే నేను చాలాకాలం ఇల్లు అనుకున్నాను. బడి నుంచి రాగానే అమ్మ పక్కన చేరి, ఆమె చుట్టి పడేసిన బీడీల మూతులు మడిచేవాణ్ణి. నిద్రొస్తే చేటను కొంచెం పక్కకు జరిపించి ఆ ఒళ్ళోనే తల పెట్టేవాణ్ణి. తుమ్ములొచ్చేవి. అయినా లేచేవాణ్ణి కాదు.

అలాంటి నేను యాభై రెండేళ్ళ వయసులో నా భార్య తంబాకును ఇంట్లోంచి వెళ్ళగొట్టాను.

నా జబ్బు గురించి రాయమని, రాస్తే మనసు కుదురుకుంటుందని మా అమ్మాయి రేఖ నోటుబుక్కు తెచ్చిచ్చింది. ఇంకొకరికి పనికొస్తుంది కదా అని కూడా అంది. రాస్తాను. కానీ ఆ తప్పు దాచిపెట్టి జబ్బు గురించి ఎంత రాసినా అది సగం అబద్ధమే అవుతుంది.

ఎండలు ముదిరిన రోజులు

నాది పవర్‌లూమ్ షెడ్లలో అతుకుల పని. చద్దర్లు, అంటే దుప్పట్లు నేసే మగ్గం మీద పడుగు అయిపోవచ్చినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగుల కొసలు ఒక్కొక్కటే మెలిపెట్టి అతకాలి. వేళ్ళు జారకుండా కాస్త బూడిద అద్దుకుంటాం. కళ్ళ కన్నా వేలికొసలతో ఎక్కువ పని. ఒక షెడ్డులో అయ్యాక ఇంకో షెడ్డుకు పోతాను. టీ బండి దగ్గర కూర్చుంటే నాలుగు షెడ్ల కబుర్లు నాకే తెలుస్తాయి. నోరు కాస్త పెద్దదని నాకు పేరు. అది ఊరికే రాలేదు.

మేముండేది విడీ ఘర్కుల్‌లో. బీడీలు చేసే ఆడవాళ్ళ కోసం కట్టిన కాలనీ అది. ఇల్లు నా భార్య అంబుబాయి పేరు మీద వచ్చింది. తలుపు పక్కన మరాఠీ అక్షరాల్లో ఆమె పేరే రాసి ఉంటుంది. పొద్దున్నే పని తెముల్చుకుని ఆమె అరుగు మీద కూర్చునేది. చుట్టుపక్కల నుంచి ఇంకో నలుగురైదుగురు ఆడవాళ్ళు చేటలు పట్టుకుని వచ్చేవారు. కత్తెరలు కచకచలాడేవి. ఎవరి కోడలు ఎవరినేమందో, ఏ కూరలో ఉప్పెక్కువైందో, అన్నీ అక్కడ తేలేవి. నేను సెలవు రోజు లోపల పడుకుని ఆ మాటలు వింటూ మా అమ్మ దగ్గర ఉన్నట్టే నిద్రపోయేవాణ్ణి.

ఆ ఎండాకాలం నాకు దురద మొదలైంది. మొదట మోకాళ్ళ కింద, తర్వాత అరచేతుల్లో, ఆ తర్వాత ఒళ్ళంతా. పొక్కు లేదు, దద్దురు లేదు. గోకి గోకి నేనే పుండ్లు చేసుకున్నాను. కొబ్బరినూనె రాశాను, వేపాకు నీళ్ళు పోసుకున్నాను, దువ్వెనతో కూడా గోక్కున్నాను. పడుకుంటే పక్కబట్ట పిండేటంత చెమట. ప్యాంటు నడుము దగ్గర వదులైంది. రేకుల కప్పు కదా, చెమట పట్టదా అనుకున్నాను. షెడ్డులో ఉడికితే మనిషి చిక్కడా అనుకున్నాను. అన్నిటికీ నా దగ్గర ఒక జవాబు ఉండేది. దురదకు మాత్రం అంబుబాయి తంబాకు దొరికింది.

ఒకరోజు అన్నం దగ్గర నోరు జారాను.

"ఏందే ఇది, ఇల్లంత తంబాకు పొడి. దీనితోనే నాకు గజ్జి లేస్తున్నది."

"గజ్జి ఏడున్నది, చూపియ్యి. ఒక్క పొక్కన్న ఉన్నదా నీ ఒంటి మీద?"

"లోపట ఉన్నది. నీకేం ఎరుక, గోక్కునేటోణ్ణి నేను."

"ఇరవై ఆరేండ్ల సంది నీ పక్కన్నే కూసొని చేస్తున్న. అప్పుడు లేని దురద ఇప్పుడెట్ల వచ్చిందయ్యా?"

ఆ ప్రశ్నకు జవాబు వెతికి ఉంటే నాకు మూడు నెలలు కలిసొచ్చేవి. నేను వెతకలేదు. గొంతు పెంచాను. అరుగు మీద ఆడవాళ్ళు కత్తెరలు ఆపి వింటున్నారని తెలిసి ఇంకా పెంచాను.

"ఈ ఇంట్ల ఆ తంబాకన్న ఉండాలె, నేనన్న ఉండాలె!"

తలుపు మీద ఆమె పేరున్న ఇంట్లో నిలబడి అన్నానా మాట. ఆమె కంచాలు తీసింది. తెల్లారి చేట, కత్తెర, ఆకు కత్తిరించే రేకు అచ్చు ఒక గోనెసంచిలో పెట్టి, గల్లీ చివర యాదవ్వ ఇంట్లో ఇచ్చి వచ్చింది. యాదవ్వ ఆమె చిన్ననాటి స్నేహితురాలు. అప్పటి నుంచి ఆడవాళ్ళందరూ యాదవ్వ అరుగు మీదికి మారారు. అంబుబాయి కుట్టుమిషను ముందు ఒంటరిగా కూర్చుని టవళ్ళ అంచులు కుట్టడం మొదలుపెట్టింది. మా అరుగు ఖాళీ అయింది. వారం తిరిగేసరికి ఇంట్లో ఆ వాసన కూడా పోయింది.

దురద పోలేదు.

రాఖీ పున్నమి

శ్రావణ పున్నమి నాడు మా వాళ్ళు కొత్త జంద్యం వేసుకుంటారు. మార్కండేయుడి రథం ఊరేగుతుంది. మా చిన్నప్పుడు బాపు నన్ను భుజాన ఎక్కించుకుని ఆ రథం చూపించేవాడు. రథం మీద కట్టిన బట్టలో ఏ పోగు ఎవరి మగ్గం మీదిదో ఆయన దూరం నుంచే చెప్పేవాడు. నేను నమ్మేవాణ్ణి.

ఏడాది పొడుగునా నా మెడ చుట్టూ టవలు ఉంటుంది. మా పనివాళ్ళందరికీ అదే అలవాటు. చెమట తుడుచుకోవడానికీ అదే, భోజనం మూట కట్టుకోవడానికీ అదే. ఆ రోజు జంద్యం మార్చుకోవడానికి టవలూ బనీనూ తీసి కూర్చున్నాను. హారతి పళ్ళెం పట్టుకుని వచ్చిన రేఖ అక్కడే ఆగిపోయింది.

"బాపు, హే కాయ్? మెడ కింద ఏందిది?"

వేలు పెట్టి చూసుకున్నాను. మెడ ఎముక పైన చిన్న నిమ్మకాయంత గడ్డ. నొక్కితే రబ్బరులా ఉంది. నొప్పి లేదు.

"నొప్పి లేదు బిడ్డా, ఏం కాదు," అన్నాను.

ఇది చదివే వాళ్ళకు ఒక్క మాట. నొప్పి లేదని గడ్డను నమ్మకండి. పొక్కు లేని దురద, పక్క తడిసే చెమట, కారణం లేకుండా చిక్కిపోవడం, ఈ మూడూ నాతో నాలుగు నెలలు మొత్తుకున్నాయి. నేను టవలు కప్పుకుని తిరిగాను.

గల్లీలో తలా ఒక మాట అన్నారు. టీబీ గడ్డ అన్నారు కొందరు. మా దగ్గర దగ్గొచ్చినా చిక్కినా ముందు టీబీ పేరే వస్తుంది. దగ్గర్లోని డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడితే గడ్డ తగ్గలేదు. అప్పుడు పెద్దాసుపత్రికి పంపారు. అక్కడ గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు.

ఆ ఆసుపత్రి బెంచీలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. మొదటి రోజు గోడ వారగా నిలబడి గోక్కుంటుంటే పక్కనున్న వాళ్ళు అంటుకుంటుందేమోనని జరిగారు. అక్కల్‌కోట్ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మాత్రం జరగలేదు. తన సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, "బస్ రే బాబా," అంటూ కూర్చోమని చోటిచ్చింది. మధ్యాహ్నం దాకా మా పేరు పిలవలేదు. ఆమె కడక్ భాకరీ, ఎండిన జొన్నరొట్టె విరిచి, మీద శేంగా చట్నీ అనే వేరుశెనగ పొడి వేసి, అంబుబాయి చేతిలో పెట్టింది. ఆమె పక్కన ముడుచుకుని కూర్చున్న భర్తకు ఏ జబ్బో మేము అడగలేదు. ఆమె కూడా మమ్మల్ని అడగలేదు.

దసరా ముందు

పరీక్ష కాగితం వచ్చిన రోజు అంబుబాయి, రేఖ, నేను ముగ్గురం డాక్టరు గదిలోకి వెళ్ళాం. డాక్టరు బాయి చిన్న వయసావిడ, మెల్లగా మరాఠీలో చెప్పుకుపోయింది. మరాఠీ మాకు రానిది కాదు. ఆ రోజు మాత్రం ఒక్క ముక్క చెవికెక్కలేదు. ఆమె పెదాలు కదలడం చూస్తూ కూర్చున్నాను. చివర్లో, ఏమైనా అడగాలా అంది.

నేను బతుకుతానా అని అడగాలి. డాక్టరు చేతిలో కాగితం వైపు తల తిప్పాను. అంబుబాయి అడిగింది.

"మాఝ్యా తంబాకూముళే ఝాలం కా, బాయి?"

నా తంబాకు వల్లే అయిందా అని. మొగుడు బతుకుతాడా అని కాదు, ఎన్నాళ్ళు మందు అని కాదు, ముందు అది అడిగింది. అన్ని నెలలు మిషను ముందు వంగి కూర్చుని ఆమె కుట్టుకున్నది అదే మాట అని అప్పుడు తెలిసింది.

డాక్టరు కాగితం పక్కన పెట్టి ఆమె వైపు తిరిగింది. తంబాకు మంచిదని నేననను, దానితో వచ్చే క్యాన్సర్లు వేరే ఉన్నాయి అంది. ఈ జబ్బు ఎక్కువ మందిలో ఎందుకు వస్తుందో ఎవరూ చెప్పలేరు, మీ చేటలోంచి మాత్రం రాలేదు అంది. ఆ దురదను పుట్టించింది కూడా లోపలున్న ఈ జబ్బేనని చెప్పింది. అంబుబాయి తల ఊపి కొంగు సర్దుకుంది.

బయట బెంచీ మీద కూర్చోబెట్టి రేఖ నాకు మళ్ళీ మొదటి నుంచి చెప్పింది.

"బాపు, రక్తం లెక్కనే ఒంట్లె ఇంకో నీళ్లసొంటి రసం తిరుగుతది. లింఫ్ అంటరు దాన్ని. ఆ దారి పొంటి మెడల, చంకల, గజ్జల, ఛాతి లోపట చిన్న చిన్న గింజలుంటయి. రోగంతోటి కొట్లాడే తెల్ల కణాలు ఆడ్నే ఉంటయి. ఆ కణాలే చెడిపోయి ఆగకుంట పెరిగితే లింఫోమా."

"అంటే క్యాన్సరేనా?"

"క్యాన్సరే బాపు. మళ్ల అండ్ల రెండు పెద్ద రకాలు. ఒకటి హాడ్జ్‌కిన్. ముక్కను మైక్రోస్కోపుల జూస్తే గూబ కండ్లసొంటి పెద్ద కణం కనవడ్తదట. నీది గదే. రెండోది నాన్-హాడ్జ్‌కిన్. అది ఒక్క జబ్బు గాదు, మస్తు జబ్బులకు కలిపి పెట్టిన పేరు. కొన్ని ఏండ్లకేండ్లు నిమ్మళంగ నడుస్తయి, కొన్నిటికి జల్దీ మందు వెట్టాలె. బి కణాలల్ల పుట్టేటియి ఎక్కువ, టి కణాలయి తక్కువ. ఏ రకమో తెల్వకుంట మందే మొదలువెట్టరు."

అది నాకు అర్థమైంది. చద్దర్లో తప్పు పడితే మేమూ ముందు పడుగులో తెగిందా, పేకలో తెగిందా అని చూస్తాం. చూడకుండా మగ్గం నడిపితే మిగతా బట్ట కూడా పాడవుతుంది. నా గడ్డను కూడా ఎవరో అలా కూర్చుని పోగు పోగు చూశారన్నమాట. ఎందుకో కాస్త ధైర్యం వచ్చింది.

"నయమైతదా?" అన్నాను చివరికి.

"నీ రకానికి మందు బాగనే పని చేస్తదన్నది. మస్తు మందికి నయమైతదట. గ్యారంటీ మాత్రం ఇయ్యలె."

అంబుబాయి అంతా వింటూ మా సంచి నాడాలు ముడేస్తోంది, విప్పుతోంది. తప్పు నాదే అని అనడానికి అంతకన్నా మంచి సమయం రాదు. నోరు తెరిచాను. సిటీ బస్సు వచ్చింది, ఎక్కేశాం.

చలికాలం, కిటికీ

పదిహేను రోజులకోసారి మందు ఎక్కించేవారు. పన్నెండు సార్లు. ఆ సంగతులు ఎక్కువ రాయను. జుట్టు పోయింది, నోటికి రుచి పోయింది. వేలికొసలు మొద్దుబారాయి. సూది గుచ్చుకున్నా దూదిలా ఉండేది. చొక్కా గుండీ పెట్టుకోవడానికి అంబుబాయిని పిలవాల్సి వచ్చేది. షెడ్డులో పోగు తెగితే చీకట్లో కూడా అతికిన చేతులివి. దురద మాత్రం రెండోసారికే పోయింది. అన్ని నెలల తర్వాత ఒళ్ళు గోకకుండా కూర్చున్న ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.

ఒక పొద్దున కిటికీ పక్కన మంచం మీద పడుకుని ఉన్నాను. బయట నల్లా దగ్గర ఆడవాళ్ళు నీళ్ళు పడుతున్నారు. నేను నిద్రపోతున్నాననుకున్నారు.

"పాపం, శంకరన్న ఎట్లుండె, ఎట్లయిండు."

"అంబుబాయి తంబాకే తిన్నది ఆయన్ని. ఆయనే అన్నడు గద, మనం ఇనలేదా?"

ఆయనే అన్నాడు. నిజమే. అరుగు దాకా వినబడేలా అన్నాను. డాక్టరు చెప్పిన మాట ఒక గదిలో ముగ్గురం విన్నాం. నేనన్న మాట మాత్రం గల్లీ అంతా విన్నది. లేచి కిటికీలోంచి ఒక్క కేక వేస్తే అయిపోయేది. వేయలేదు. నీరసమని నాకు నేను చెప్పుకున్నాను. నీరసం కాదు, సిగ్గు. అంతలో అంబుబాయి బిందె తీసుకుని అదే నల్లా దగ్గరికి వెళ్ళింది. మాటలు ఆగిపోయాయి. నీళ్ళు పడుతున్న చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఏడోసారి మందు తర్వాత జ్వరమొచ్చింది. తెల్ల కణాలు పడిపోయాయని ఆసుపత్రిలో చేర్చారు. నాలుగు రోజులు మాట సరిగ్గా రాలేదు. అప్పుడు నాకు చావు భయం పట్టుకుంది. ఆ భయంలో పెద్ద ముక్క ఇదే: నేను ఇప్పుడు పోతే ఆ నింద ఆమె మీదే ఉండిపోతుంది. నన్ను చంపింది ఆమె బీడీలేనని అంటారు. రేఖ పెళ్ళిలో అంటారు, ఆమె ముసలిదయ్యాక కూడా అంటారు. కాదనగలిగిన వాణ్ణి నేనొక్కణ్ణే. మా కులదైవం మార్కండేయుడు యముడు వస్తే శివలింగాన్ని వాటేసుకున్నాడట. నాకు ఎవరిని పట్టుకుని ఏం చెప్పాలో స్పష్టంగా తెలుసు, నోట్లోంచి గాలి తప్ప ఏదీ రావడం లేదు. అంబుబాయి తడిగుడ్డతో నా పెదాలు తుడిచింది. ఆమె చేతులకు మిషను నూనె వాసన. మా అమ్మ చేతి వాసన కోసం వెతుక్కున్నాను. దాన్ని వెళ్ళగొట్టింది నేనే.

ఐదోరోజు జ్వరం దిగింది.

ఉగాది దాటాక

పన్నెండూ అయ్యాయి. ఒంటి లోపలి స్కాను ఫోటో తీసి, జబ్బు ఆనవాలు కనిపించడం లేదని డాక్టరు బాయి అంది. ఇంకా కొన్నేళ్ళు చూపించుకుంటూ ఉండాలని, మళ్ళీ రాదని ఎవరూ రాసివ్వలేరని కూడా అంది. ఇది రాస్తున్న ఈ రోజు దాకా చూపించుకుంటూనే ఉన్నాను.

ఆ రోజు లేవబోతూ డాక్టరును నేనే అడిగాను, ఇంట్లో బీడీలు చేసుకోవచ్చా అని. గది లోపల వద్దు, ఆ పొడి ఎవరి ఊపిరితిత్తులకూ మంచిది కాదు, గాలి ఆడే చోట ముక్కుకు గుడ్డ కట్టుకుని చేసుకోమను అంది. పక్కన అంబుబాయి నా వైపు చూడలేదు.

మర్నాడు పొద్దున, అందరూ బయట ఉండే వేళ చూసి, యాదవ్వ ఇంటికి వెళ్ళాను. ఆమె అరుగు నిండా ఆడవాళ్ళు.

"యాదక్కా, అంబు చాట ఇయ్యి."

"ఎందుకన్నా? కాలవెడ్తవా?"

"ఇంటికి కొంచవోత."

గోనెసంచి లోపలి నుంచి తెచ్చింది. చేట దుమ్ము పట్టకుండా పాత చీర ముక్క చుట్టి దాచింది. నేను సంచి చంకన పెట్టుకుని, చేట నెత్తిన పెట్టుకున్నాను. మొగవాడు బీడీల చేట నెత్తిన పెట్టుకుని గల్లీలో నడవడం మా దగ్గర ఎవరూ చూసి ఉండరు. గుండు మీద అది జారుతూ ఉంది. మొద్దుబారిన వేళ్ళకు అంచు సరిగ్గా తెలియడం లేదు. రెండు చేతులతో పట్టుకున్నాను.

"అక్కా, ఇనుండ్రి అందరు," అన్నాను. గొంతు పీలగా వచ్చింది. "నా జబ్బు తంబాకుతోటి రాలె. డాక్టర్ చెప్పింది. పోయినేడు నేను తప్పు మాట్లాడిన. అంబుది ఏం తప్పు లేదు."

యాదవ్వ కళ్ళు తుడుచుకుని, తన ఆకులోంచి ఒక కట్ట తీసి నా సంచిలో వేసింది. నేను నడిచాను. ప్రతి గడప దగ్గరా ఎవరో ఒకరు, "ఏంది శంకరన్నా, సర్కసా?" అని నవ్వారు. నవ్విన ప్రతి ఒక్కరి ముందూ ఆగి అదే మాట చెప్పాను. నాలుగో ఇంటికి వచ్చేసరికి గొంతు తెరుచుకుంది. తొమ్మిదో ఇంటి దగ్గర నేను చెప్పకముందే, "తెలిసింది పో అన్నా," అన్నారు.

అంబుబాయి మా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆమె పేరు రాసిన చోట చెయ్యి ఆనించి ఉంది. నా నెత్తి మీది చేట దించుకుని, వెనక్కి తిప్పి, వెదురు సడలిందేమోనని వేలితో తట్టి చూసింది.

"గల్లీ మొత్తానికి చెప్పినవ్," అంది. "నాకు చెప్పవా?"

ఊరంత నోరున్న వాణ్ణి. గల్లీలో తొమ్మిది ఇళ్ళ ముందు చెప్పిన మాటే. ఆమె ముందు మాత్రం చాలాసేపు పట్టింది. ఆమె కదలకుండా నిలబడి, నేను పూర్తిగా చెప్పేదాకా వింది.

తర్వాత అరుగు మీద కూర్చుని చేట ఒళ్ళో పెట్టుకుంది.

"ఆకు తడపాలె," అంది. "నీళ్లు వట్టుకరా. నిమ్మళంగ, ఒలకవోకు."